పందొమ్మిది అరవై రెండు నెంబరు రేడియో

పాత కారులో కూర్చోబెట్టి, ముందున్న రేడియోను చూపి, "ఇది ఈ కారు కాలానిదే" అని ఎవరైనా అంటే ఆ మాటను మీరు ఏ ఆధారం మీద నమ్ముతారు? అన్నవారి వయసు మీదనా, గొంతులోని ధీమా మీదనా, లేక ఆ రేడియోను విప్పి దాని చేతనే పలికించుకున్న సాక్ష్యం మీదనా? పోయిన నెల నాతోపాటు కోర్టులో పనిచేసే ఒక స్నేహితురాలు అరవైల నాటి కారును బేరమాడుతూ, "రేడియో కూడా కారుతో వచ్చిందేనట" అని ఒక ఫొటో పంపింది. ఫొటోను వేళ్లతో పెద్దది చేసి చూస్తే, ముల్లు తిరిగే గాజు పలక మీద ఎఫ్‌ఎం అనే రెండక్షరాలు నిర్భయంగా మెరుస్తున్నాయి. "ఇది ఆ కారుకు మనుమడి వరస అవుతుంది" అని జవాబిచ్చి, ఫోను పక్కన పెట్టి, నవ్వుకుంటూ చాలాసేపు ఊరికే కూర్చున్నాను. ఆ జవాబు నా సొంత తెలివి కాదు. గోదావరిఖనిలో మా పెద్దబాపు క్వార్టరు ముందు, ఒక అంబాసిడర్ కారు డ్యాష్‌బోర్డులోని ఖాళీ గుంత చుట్టూ గడిచిన ఒక వేసవి నాకు నేర్పిన తెలివి.

పెద్దబాపు అంటే మా బాపుకు అన్న. ముప్ఫై ఏండ్లకు పైగా బావి మీది ల్యాంపు రూములో పనిచేసి రిటైరైనవాడు. మా వైపు బొగ్గు గనిని బావి అనే అంటారు. ల్యాంపు రూము అంటే ఏమిటో తెలియనివారి కోసం ఒక్క మాట. షిఫ్టుకు దిగే ప్రతి కార్మికుడు తన నెంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళను కిటికీలో ఇచ్చి, అదే నెంబరున్న దీపాన్ని తీసుకుని టోపీకి తగిలించుకుంటాడు. పైకి వచ్చాక దీపం అప్పగించి బిళ్ళ తీసుకుంటాడు. షిఫ్టు ముగిసిన తర్వాత ఏదైనా ఒక గూడు ఖాళీగా ఉన్నదంటే, ఆ నెంబరు మనిషి ఇంకా భూమి లోపలే ఉన్నాడని అర్థం. ఆ గూళ్ల ముందు జీవితం గడిపిన మా పెద్దబాపు దృష్టిలో నెంబరనేది వస్తువుకు పెట్టిన గుర్తు కాదు, అదొక మనిషి. ఒకరి నెంబరున్న దాన్ని ఇంకొకరు ముట్టుకోవడం ఆయన లెక్కలో ఆ మనిషిని చీకట్లో వదిలేసి రావడంతో సమానం.

ఆయన ఒక్కడే కాదు, కాలనీ అంతా అట్లాగే ఆలోచించేది. వేరే ఊళ్లలో స్టీలు గిన్నెల మీద పేర్లు చెక్కిస్తారు. మా ఇళ్లలో నెంబర్లు చెక్కించేవారు. టిఫిన్ డబ్బా, నీళ్ల క్యాను, గొడ్డలి, సైకిలు చెయిను కవరు, ఆఖరికి మా నాయనమ్మ కారం దంచే రోకలి మీద కూడా మా తాత నెంబరే. నేను అన్నం తిని పెరిగిన కంచం మీద బాపు నెంబరుండేది. బడిలో చేరిన మొదటి రోజున పంతులు నా నెంబరెంత అని అడిగితే నేను తడుముకోకుండా ఆ నాలుగంకెలే చెప్పానని, క్లాసులో అంతమంది పిల్లలు లేరని ఆయన నవ్వాడని మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

ఇక కారు సంగతి. మా పట్టణంలో చాలా ఏండ్లు వైద్యం చేసిన ఒక డాక్టరు, ఊరు విడిచి వెళ్లేముందు తన పాత అంబాసిడర్‌ను ఇనుప సామాను కింద ఇచ్చేయబోతుంటే, పెద్దబాపు అడ్డం నిలబడి ఇంటికి నెట్టించుకుని వచ్చాడు. ఆయన ఆ ఏడే రిటైరై ఉన్నాడు. పొద్దున సైరన్ కూయగానే లేచి, పోవడానికి డ్యూటీ లేక, వాకిట్లో అటూ ఇటూ తిరిగేవాడు. కారు వచ్చాక ఆయనకు మళ్లీ ఫస్టు షిఫ్టు దొరికింది. ఏడాది తిరిగేసరికి ఇంజను పలికింది, సీట్లకు కొత్త బట్ట వచ్చింది, గేరు వేయడం కూడా ఆయనకు దాదాపుగా వచ్చింది. "ముప్ఫై ఏండ్లు దీపాలు లెక్కవెట్టినోని చేతికి స్టీరింగు ఇస్తె కారు గూడ కరెంటు స్తంభాలు లెక్కవెట్టుకుంటనే పోతది," అని మా పెద్దమ్మ అనేది. స్తంభాన్ని తాకిన సందర్భం ఒక్కటే ఉంది కాబట్టి అది కొంత అన్యాయమైన మాట. కారులో లేనిదల్లా రేడియో. రేడియో ఉండవలసిన చోట చదరపు గుంత ఉండేది. అందులో పెద్దమ్మ తమలపాకుల డబ్బా సరిగ్గా పట్టేది. ఎక్కడికి వెళ్లినా ఆ డబ్బా ఆ గుంతలోనే ప్రయాణం చేసేది.

నేనప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం. కాలేజీ డిబేట్లలో మాట్లాడేదాన్ని. ప్రత్యేక రాష్ట్రం ఇంకా రాలేదు. మా డిబేట్లలో సగం విషయాలు దాని చుట్టే తిరిగేవి. ఆధారం లేని మాట ఎవరన్నా సరే, ఇంట్లో చుట్టాలన్నా సరే, "అది మీకెట్లా తెలుసు?" అని అడగడం నాకు అలవాటైపోయింది. ఈ గుణం వల్ల వేదికల మీద కప్పులు వచ్చేవి, ఇండ్లలో చాయ ఆలస్యంగా వచ్చేది. పెద్దమ్మ నన్ను వకీలమ్మ అని పిలవడం ఆ రోజుల్లోనే మొదలుపెట్టింది. తర్వాత నేను నిజంగానే వకీలునయ్యాను గనుక, ఆ వెక్కిరింతను ఆమె ఇప్పుడు దీవెనగా చెప్పుకుంటుంది.

ఆ వేసవిలో కరీంనగర్‌లో పాత కార్ల ప్రదర్శన జరుగుతుందని పెద్దబాపుకు తెలిసింది. ఆయన పేరు రాయించి, కాలనీలో కనబడ్డవారికల్లా చెప్పి, ఆ తర్వాత తీరిగ్గా నియమాల కాగితం నా చేత చదివించుకున్నాడు. కారులో కనిపించే ప్రతి వస్తువూ ఆ కారు కాలానిదై ఉండాలి. రేడియో గుంత ఖాళీగా ఉన్నా, అందులో తర్వాతి కాలపు రేడియో ఉన్నా, కారును వరుసలోకి రానివ్వరు. తమలపాకుల డబ్బా గురించి నియమాల్లో ఏమీ లేదు గాని, ఫలితం ఊహించడం కష్టం కాదు. మా కారు పుట్టింది పందొమ్మిది వందల అరవై రెండులో. ఆర్‌సీ పుస్తకంలో స్పష్టంగా ఉంది. అరవై రెండు నాటి కారు రేడియో కావాలి, చేతిలో మూడు వారాలున్నాయి, అప్పటికే కాలనీ అంతా వచ్చి చూస్తామని మాటిచ్చింది.

పెద్దబాపు నన్ను వెంటబెట్టుకుని చౌరస్తా దగ్గరి రేడియో చాచా దుకాణానికి వెళ్లాడు. టీవీలు వచ్చి, సెల్‌ఫోన్లు వచ్చి, పక్క దుకాణాలన్నీ వేషాలు మార్చినా, చాచా ఒక్కడే బల్ల మీద టంకం కాల్చుకుంటూ రేడియోల మధ్యనే ఉండిపోయాడు. పెద్దబాపు కోరిక విని ఆయన ముందుగా ఒక మెరిసే రేడియో తీసి పెట్టాడు. దానికి క్యాసెట్టు దూర్చే నోరుంది. నేను అడగక ముందే పెద్దబాపు, "మరీ గింత నోరున్నది వద్దు," అన్నాడు.

రెండోది చూడ్డానికి చాలా బాగుంది. అటొక గుండీ, ఇటొక గుండీ, మధ్యలో గాజు పలక. చాచా దానికి బాటరీ కలిపి గుండీ తిప్పగానే పాట మోగింది. పెద్దబాపు ముఖం వెలిగిపోయింది. "గిదే. ప్యాక్ చేయి," అన్నాడు.

"పెద్దబాపూ, ఇది తిప్పంగనే పలికింది," అన్నాను నేను.

"పలకక తిట్టాల్నా?"

చాచా నవ్వి, చేతిలోని టంకం కడ్డీ పక్కన పెట్టాడు. "బేటీ పాయింటు పట్టింది. అరవై రెండుల కారు రేడియోకు వాల్వులుండాలె. గాజు బుడ్లు. అవి వేడైతెనే మాట వస్తది, జల్ది రాదు. ఇది ట్రాన్సిస్టరు సామాను, పుట్టంగనే ఒర్రుతది," అన్నాడు. ఆ మధ్యాహ్నం ఆ బల్ల దగ్గర నేను నేర్చుకున్నంత ఏ తరగతిలోనూ నేర్చుకోలేదు. గాజు పలక మీది అంకెల పక్కన కిలోహెర్ట్జ్ అని ఉంటే అది తర్వాతి కాలానిది. పాతవాటి మీద కిలోసైకిల్స్ అని ఉంటుంది. మా కారులో బాటరీ ప్లస్ తీగను బాడీకి బిగించారు. తర్వాతి కార్లకు మైనస్ తీగను బిగించారు. రేడియో వెనక ఏ తీగ బాడీకి పోవాలో రాసి ఉంటుంది, అది కారుతో కలవాలి. "కలవకపోతే?" అని అడిగాను. "పొగతోటి జవాబిస్తది," అన్నాడు చాచా. ఆ రెండో రేడియో మూడు పరీక్షల్లోనూ తప్పింది. పెద్దబాపు దాన్ని బల్ల మీద పెడుతున్నప్పుడు నావైపు చూసిన చూపులో ప్రేమ ఉన్నదని నేను ప్రమాణం చేసి చెప్పలేను.

మూడోది బల్ల కింద నుంచి వచ్చింది. ఇటుకంత బరువు, దాని రంగేదో చెప్పలేనంత బొగ్గు దుమ్ము. గోదావరి అవతల బావులున్న శ్రీరాంపూర్ నుంచి వచ్చిన పాత సామానులో దొరికిందట, చాచా దాన్ని ఇంకా విప్పి చూడలేదట. పెద్దబాపు చేతి రుమాలుతో దాని వెనక రేకును తుడిచాడు. దుమ్ము కింద నుంచి నాలుగంకెలు పైకి వచ్చాయి, ఇనుప అచ్చుతో గట్టిగా కొట్టినవి: ఒకటి, తొమ్మిది, ఆరు, రెండు.

ఇప్పుడు నేను చెప్పబోయేది చదివి మీకు నవ్వు వస్తుంది. దయచేసి నవ్వండి, మేమూ తర్వాత నవ్వుకున్నాం. అరవై రెండు నాటి కారు రేడియో కోసం వెతుకుతున్న ముగ్గురు మనుషులు, రేకు మీద ఆ నాలుగంకెలు చూసి, ముగ్గురూ ఒకే మాట అనుకున్నారు. "ఎవలదో బిళ్ళ నెంబరు," అన్నాడు పెద్దబాపు, రుమాలు మడిచి జేబులో పెట్టుకుంటూ. "హౌ, ఎవలో బావి మనిషిదే," అన్నాడు చాచా. ఎవరేమన్నా ఆధారం అడిగే నేను, ఆ ఒక్కసారి ఏ ఆధారమూ అడగలేదు. ఎందుకు అడుగుతాను? రేకు మీద నాలుగంకెలంటే నా కంచం మీదివి, నాయనమ్మ రోకలి మీదివి. నాకు తెలిసిన ప్రపంచంలో వాటికి ఇంకో అర్థం లేదు.

చాచా అక్కడే, "తీస్కపో అన్నా, ఎవ్వరు అడగరు," అన్నాడు. పెద్దబాపు ఒప్పుకోలేదు. "నెంబరు మనిషి ఉండంగ నేనెట్ల తీస్కపోత? అడిగినంక తీస్కపోత," అన్నాడు. రేడియోను గుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకుని, శ్రీరాంపూర్ వైపు ల్యాంపు రూముల్లో పనిచేసి రిటైరైన తన స్నేహితుడికి ఫోను చేశాడు. అటు నుంచి వచ్చిన మాట నాకూ వినబడింది. "పందొమ్మిది అరవై రెండా? పేరు యాదికి లేదు గని మనిషి ఎరికే. ఎడమ కాలు జర ఈడ్చి నడుస్తడు. దీపం ఇచ్చేటప్పుడు తుడిచి ఇస్తుండె, గంత మందిల గాయన ఒక్కడే." ఒక్క ఫోనుతో, ఒక నెంబరు నుంచి ఒక మనిషి నడక, ఆయన మర్యాద, ఆయన క్వార్టరు ఉన్న వరుస బయటికి వచ్చాయి. ఇంతటి రిజిస్టరు ఏ ఆఫీసులో ఉంటుందో నాకు తెలియదు.

మరుసటి ఆదివారం మేము కారులో గోదావరి వంతెన దాటి శ్రీరాంపూర్ వెళ్లాం. ముందు పెద్దబాపు, పక్కన నేను, నా ఒళ్లో రేడియో, వెనక పెద్దమ్మ. గుంతలో తమలపాకుల డబ్బా, బహుశా చివరిసారిగా.  ఆ నెంబరు మనిషి ఇవ్వనంటే ప్రదర్శన పోయినట్టే. మూడు వారాల్లో ఒకటిన్నర అప్పటికే గడిచింది. కానీ పెద్దబాపుకు అంతకంటే పెద్ద దిగులు ఇంకొకటి ఉన్నదని స్టీరింగు మీద వేళ్లు కదిలే తీరును బట్టి తెలుస్తూనే ఉంది. నెంబరు మనిషి అసలు బతికి ఉన్నాడో లేడో.

ఉన్నాడు. క్వార్టరు ముందు నీడలో కూర్చుని నులక మంచం అల్లుతున్నాడు. పక్కన ఆయన భార్య చాటలో బియ్యం ఏరుతూ ఉంది. పెద్దబాపు తానెవరో చెప్పుకుని, రేడియోను ఆ తాత ఒళ్లో పెట్టి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు, డ్యూటీలో పై అధికారి ముందు నిలబడినట్టు. తాత బొటనవేలితో అంకెలను తడిమాడు. ఒకసారి ఎడమ నుంచి, ఒకసారి కుడి నుంచి.

"నా నెంబరే తమ్మీ. గీ నెంబరు మీద ఎన్నేండ్లు దిగిన్నో, ఎన్నేండ్లు ఎక్కిన్నో," అన్నాడు. తర్వాత రేడియోను అటూ ఇటూ తిప్పి చూశాడు. "గని గీ పెట్టె నాది గాదు."

"యాది చేస్కో అన్నా. నెంబరున్నది గదా," అన్నాడు పెద్దబాపు.

"నాకు సైకిలే సక్కగ లేకుండె. కారుల రేడియో నాకెక్కడిది?"

"నెంబరున్నంక మనిషి లేకుంట ఎట్లుంటడే?"

"గంత బలిమి చేస్తె తీస్కుంట గని, దీన్ని ఏం జేస్కోను? తలకింద వెట్టుకుందమంటె గట్టిగున్నది."

ఇట్లా ఒకాయన తీసుకోమని, ఒకాయన నాది కాదని, చాలాసేపు వాదించుకున్నారు. ఎన్నో డిబేట్లు చూశాను గాని, ఇద్దరూ ఎదుటివారి పక్షానే మాట్లాడిన డిబేటు అదొక్కటే. నేను మధ్యలో దూరి, తాతకు తెలియకుండా ఎవరైనా ఆయన నెంబరు కొట్టుకుని ఉండవచ్చా, వేరే బావిలో ఇదే నెంబరు ఇంకొకరికి ఉండవచ్చా అని ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తున్నాను. అప్పుడు చాట ఆడించడం ఆపి అవ్వ తలెత్తింది.

"బిడ్డా, గీ కారు ఎప్పటిది?"

"పందొమ్మిది వందల అరవై రెండుది అవ్వా."

"మరి దీని మీద గూడ గదే ఉన్నది గదనె."

మేమందరం మళ్లీ ఆ రేకు మీదికి వంగాం. అవ్వ మా ముఖాలను ఒక్కొక్కటిగా చూసి, "నేను చేన్ల పెరిగినదాన్ని. మీ బావుల లెక్క నాకెరికలేదు. మా చేనుకాడి మోటరు మీద గూడ తయారైన ఏడు గిట్లనే కొట్టి ఉండె. గది గూడ ఎవని బిళ్ళనా?" అని మళ్లీ బియ్యం ఏరుకోవడంలో పడింది.

ముందుగా నవ్వింది తాత. తర్వాత పెద్దమ్మ, నోట్లో తమలపాకు ఉన్న సంగతి మరిచిపోయి. నేను నవ్వడానికి కొంత సమయం పట్టింది, ఎందుకంటే అంతకుముందెన్నడూ నేను అంత నిండుగా ఓడిపోలేదు. ఎదుటివాళ్ల నమ్మకాలను ప్రశ్నించడం నాకు బాగా వచ్చు. మా ఇంటి నమ్మకాన్ని ప్రశ్నించాలన్న ఆలోచనే నాకు రాలేదు. అది అన్నం తినే కంచం మీద ఉండటం వల్ల కనబడలేదు. "వకీలమ్మా, అవ్వ కాడ ట్యూషను పెట్టిచ్చుకో," అంది పెద్దమ్మ. నేను ఒప్పుకున్నాను.

పెద్దబాపు మాత్రం పూర్తిగా నవ్వలేకపోయాడు. నెంబరు మనిషిది కాదంటే ఇక రేడియో ఎవరిని అడిగి తీసుకోవాలి? తాతే ఆ ముడి విప్పాడు. "తమ్మీ, నాది గాదు గని నా నెంబరున్నది. గందుకే నేనే చెప్తున్న, తీస్కపో. ఒక్కటే షరతు. కరీంనగర్‌కు నన్ను, దీన్ని గూడ కార్ల తీస్కపోవాలె," అన్నాడు. 'దీన్ని' అన్నప్పుడు ఆయన చూపింది రేడియోను కాదు, అవ్వను. తిరుగు ప్రయాణంలో వంతెన మధ్యకు వచ్చాక పెద్దబాపుకు అప్పుడు నవ్వు వచ్చింది. ఎంతగా వచ్చిందంటే కారు ఎడ్లబండి వేగానికి దిగింది, వెనక లారీవాడు హారను కొట్టాడు, ఆ హారనుకు ఇంకా నవ్వు వచ్చింది.

అవ్వ మాటను కూడా రుజువు లేకుండా నమ్మకూడదని నేను పట్టుబట్టాను. చాచా మూత విప్పాడు. లోపల గాజు వాల్వులున్నాయి. గ్యాస్‌నూనెలో, అంటే కిరసనాయిల్లో, ముంచిన గుడ్డతో తుడిస్తే గాజు పలక మీద కిలోసైకిల్స్ అని తేలింది. ప్లస్ తీగ బాడీకి పోవాలని వెనక రాసి ఉంది. మూత లోపలి వైపు ఒక చిన్న కాగితం అతికించి ఉంది. పరీక్ష చేసిన వారెవరిదో సిరా సంతకం, దాని కింద నెల, అరవై రెండవ సంవత్సరం. చాచా ఆ కాగితాన్ని వేలితో ముట్టుకోకుండా చూపించాడు. నేను మనసులోనే అవ్వకు కప్పు ఇచ్చేశాను.

అయితే రేడియోను కారులో పెట్టి చూస్తే ఇంకొక సాక్ష్యం బయటపడింది. డ్యాష్‌బోర్డు వెనక నాలుగు పాత రంధ్రాలున్నాయి. రేడియో పట్టీలకు నాలుగు రంధ్రాలున్నాయి. రెండే కలిశాయి. అంటే కాలం ఒకటే, కారు వేరు. ప్రదర్శనవాళ్ల కాగితంలో రెండు ప్రశ్నలున్నాయి. రేడియో కారు కాలానిదేనా? అది ఈ కారుతో వచ్చినదేనా? కాదంటే ఏం చేస్తారో కాగితంలో లేదు. మొదటిదానికి "అవును" అని రాసి, రెండోదానికి "కాదు" అని రాయబోతుంటే పెద్దబాపు నా కలం పట్టుకున్నాడు.

"అవునని రాస్తె ఏం పోతది బిడ్డా? ఎవడు వచ్చి రంధ్రాలు జూస్తడు? కాలనీ మొత్తం వస్తున్నరు. బయటికి పంపిస్తె నా మొకం ఎట్ల చూపియ్యాలె?"

"గూట్లె దీపం లేకుంటె, ఉన్నదని ఎన్నడన్న రాసినవా పెద్దబాపూ?"

అది డిబేటులో నేర్చుకున్న దెబ్బే. అన్న మరుక్షణం నాకు బాధ వేసింది.  బయట సెకండు షిఫ్టు సైరన్ కూసింది. పెద్దబాపు అది ఆగేదాకా వింటూ కూర్చుని, కలం నాకు తిరిగి ఇచ్చి, "కాదనే రాయి. జర మంచిగ రాయి, సదవస్తె చాలు," అన్నాడు.

ప్రదర్శన రోజున కరీంనగర్ మైదానంలో మా కారు చుట్టూ కాలనీ సగం నిలబడింది. వెనక సీట్లో తాత, అవ్వ, పెద్దమ్మ. తమలపాకుల డబ్బా పెద్దమ్మ ఒళ్లో, ఇల్లు పోయినట్టుగా. పరీక్ష చేసే ఆయన కళ్లద్దాలు సర్దుకుంటూ వచ్చి మా కాగితం చదివాడు. రెండో జవాబు దగ్గర ఆగి, మళ్లీ మొదటి నుంచి చదివాడు. నేను పెద్దబాపు వైపు చూడలేదు. "పొద్దటి నుంచి 'కాదు' అని రాసిన కాగితం ఇదే మొదలు," అని, కిటికీలో నుంచి తల లోపలికి పెట్టి, "పలుకుతదా?" అని అడిగాడు.

పెద్దబాపు గుండీ తిప్పాడు. ఏమీ వినబడలేదు. గాజు పలక వెనక పసుపు దీపం మాత్రం మెల్లగా వెలిగింది. తర్వాత లోపల ఎక్కడో తేనెటీగ చిక్కుకున్నట్టు సన్నని రొద. కాలనీవాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. పెద్దబాపు నుదుటి మీద చెమట. నాకు తెలుసు, వాల్వులు వేడెక్కాలి, జల్ది రాదు. తెలిసినా నా కాలి వేళ్లు చెప్పుల్లో బిగుసుకున్నాయి. వెనక సీటు నుంచి తాత ముందుకు వంగి, ఎవరితోనూ కాదన్నట్టుగా, "లోపటికి దిగినోడు ఎక్కి రావాలంటె జర టైం పడ్తది. ఆగుండ్రి," అన్నాడు.

ఆగాం. వాల్వుల వేడికి మాడిన బొగ్గు దుమ్ము వాసన సన్నగా వచ్చింది. అప్పుడు ఆ రొద అడుగు నుంచి, దూరం నుంచి నడిచి వస్తున్నట్టు, ఒక ఆడగొంతు పైకి వచ్చింది. తొలకరికి ముందు విత్తనాలను ఎట్లా శుద్ధి చేసుకోవాలో రైతులకు చెబుతోంది. అవ్వ చెవి ముందుకు పెట్టి విని, "మంచిగ చెప్తున్నది," అని మెచ్చుకుంది. పరీక్ష చేసే ఆయన కాగితం మీద ఏదో రాసి, ముందు వరుసలోకి చేయి చూపించాడు. బహుమతి వేరే ఊరి ఎర్ర కారుకు పోయింది. ఆ సంగతి మా కాలనీలో ఇప్పటికీ ఎవరూ ఒప్పుకోరు. తిరిగి వచ్చేటప్పుడు మా కారు మొరాయిస్తే, ముందు వరుస కారును అందరం కలిసి మైదానం గేటు దాకా నెట్టాం. లోపల విత్తనాల కార్యక్రమం అయిపోయి పాటలు వస్తున్నాయి.

ఆ సాయంత్రమే, దీపాలు పెట్టే వేళకు, పెద్దబాపు చాచా చేత రేడియో మూత విప్పించి, ఆ పాత కాగితం పక్కన ఇంకో కాగితం అతికించాడు. తన చేతిరాతతోనే రాశాడు. ఈ రేడియో ఈ కారుతో వచ్చినది కాదు. ఎవరి కారులోదో తెలియదు. చాచా బల్ల కింద దొరికింది. మేము బిళ్ళ నెంబరనుకున్నాము, సంవత్సరమని అవ్వ చెప్పింది. ఆ నెంబరు మనిషి చూసి ఇచ్చాడు. కొన్నేండ్లకు రాష్ట్రం వచ్చిన నాడు, కాలనీవాళ్లు ఇండ్లలో టీవీలుండగా వాటిని వదిలి ఆ కారు చుట్టూ చేరి, పసుపు దీపం వెలిగేదాకా ఓపిగ్గా నిలబడి వార్తలు విన్నారు. పెద్దమ్మ డబ్బాకు రేడియోకు పైన, డ్యాష్‌బోర్డు మీద చోటు దొరికింది; ఇప్పటికీ అక్కడే ఉంది.

గడిచిన కాలం కూడా ఆ వాల్వుల వంటిదేనని నాకు ఇప్పుడు అనిపిస్తుంది. అది ఎక్కడికీ పోదు, వేడెక్కేదాకా మాట్లాడదు, అంతే. కాబట్టి మీకు ఒక మనవి. ఈ ఆదివారం మీ ఇంట్లో అటక మీదో మంచం కిందో ఉన్న పాత వస్తువు ఒకదాన్ని దించండి. రేడియో అయితే మంచిది, గోడ గడియారమైనా, కుట్టు మిషనైనా సరే. మూత విప్పి చూడండి. దాని మీదున్న అంకెను గీకేయకండి. అది ఎవరిదో, ఎట్లా వచ్చిందో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి, తెలిసింది తెలిసినట్టుగా, తెలియని చోట తెలియదని, ఒక చిన్న కాగితం మీద రాసి లోపల అతికించి మూత బిగించండి.